గుర్రం నోరు చూసి వయసు చెప్పడం ఎలా?

పెళ్లి ఊరేగింపులకు తిప్పడానికో, పొలం దగ్గర ముచ్చటకు పెంచుకోవడానికో గుర్రం కొనాలంటే చాలామంది పొరుగు రాష్ట్రాల జాతరల దారి పడతారు. నాందేడ్ జిల్లా మాలేగావ్‌లో ఖండోబా జాతర, తాపీ ఒడ్డున సారంగ్‌ఖేడా, ఇంకా పైకి వెళ్తే కార్తీక పౌర్ణమి నాటి పుష్కర్ సంత. ఎక్కడ అడిగినా జవాబు ఒకేలా ఉంటుంది: "నాలుగేళ్లే", "ఐదు ఇంకా నిండలేదు". రేసుల్లో ఆడి బయటికొచ్చిన గుర్రానికి మైక్రోచిప్, పాస్‌పోర్టు ఉంటాయి, పుట్టిన తేదీ అందులోనే దొరుకుతుంది. మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలకు, నాటు తట్టువలకు చాలాసార్లు అమ్మేవాడి నోటిమాటే కాగితం. అప్పుడు గుర్రం నోటినే అడగాలి.

ఈ విద్యకు హద్దు ఎక్కడుందో ముందే తెలుసుకోండి. 5 ఏళ్ల లోపు గుర్రానికి ఆరు నెలలు అటూ ఇటూగా వయసు చెప్పొచ్చు, ఎందుకంటే అక్కడ చూసేది పళ్లు మొలవడం. 5 నుంచి 10 దాకా చూసేది పళ్లు అరగడం, కాబట్టి ఏడాది, రెండేళ్లు తేడా రావచ్చు. 10 దాటాక "12కూ 16కూ మధ్య" అనడమే సరైన జవాబు. ఇరవై ఏళ్ల గుర్రం నోరు చూసి "సరిగ్గా 19" అనేవాణ్ని నమ్మకండి.

ఎద్దుల లెక్క ఇక్కడ కుదరదు

సంతలో కోడెల నోరు చూసి "రెండు పళ్లది", "నాలుగు పళ్లది" అనడం మనకు అలవాటే. పశువులకు ముందుపళ్లు కింది దవడకే ఉంటాయి, అవి ఎనిమిది. గుర్రానికి పైన ఆరు, కింద ఆరు. ఒక్కో దవడలో మధ్య రెండింటినీ నడిమి జత అనీ, వాటికి అటూ ఇటూ ఉన్నవాటిని పక్క జత అనీ, మూలన ఉన్నవాటిని చివరి జత అనీ ఇక్కడ పిలుచుకుందాం. చివరి జత వెనుక మగ గుర్రాలకు కోరలుంటాయి. ఆ తరువాత కళ్లెం ఇనుము ఆనే ఖాళీ చిగురు, దాని వెనుక దవడపళ్లు. వయసు చెప్పడానికి ముందుపళ్లు, కోరలు చాలు. దవడపళ్లు లోపలెక్కడో ఉంటాయి, వాటిని చూడాలంటే నోరు తెరిచి ఉంచే పరికరం, పశువైద్యుడు కావాలి.

గుర్రం పన్ను మన పన్నులాంటిది కాదు. చాలా భాగం దవడలోపలే దాగి ఉంటుంది. పైన ఏటా 2, 3 మిల్లీమీటర్లు అరుగుతుంటే అంతే మేరకు కిందినుంచి పైకి తోసుకొస్తుంది. కొత్తగా వచ్చిన పన్ను నమిలే ముఖం మీద ఎనామిల్ లోపలికి మడతపడి ఒక గుంట ఏర్పడుతుంది. మేత చేరి అది నల్లగా కనిపిస్తుంది. పన్ను అరిగేకొద్దీ గుంట లోతు తగ్గి మాయమవుతుంది, అడుగున ఉన్న ఎనామిల్ మాత్రం చిన్న తెల్లటి వలయంలా కొన్నేళ్లు మిగులుతుంది. ఇంకో పక్క, పన్ను మధ్యలోని నరం గది కొత్త డెంటిన్‌తో (ఎనామిల్ కింద ఉండే పంటి పదార్థం) పూడుకుంటూ వస్తుంది. అరుగుదల అంతదాకా చేరాక ఆ పూడిక గోధుమరంగు గీతగా బయటపడుతుంది. దీన్ని నక్షత్రం అంటారు. ఇక పన్ను అడ్డకోత లోతును బట్టి మారుతుంది. పైభాగంలో అడ్డంగా వెడల్పు, కిందికి వెళ్తే గుండ్రం, ఇంకా కిందికి వెళ్తే త్రికోణం. అంటే ముసలి గుర్రం నోట్లో మీరు చూస్తున్నది ఒకప్పుడు దవడలోపల ఉన్న భాగాన్ని. ఈ మూడూ మనసులో ఉంటే పట్టికలు బట్టీ పట్టక్కర్లేదు.

1. నోరు తెరవకముందు

కావలసినవి: గుర్రం తలకు తాడుతో ఉన్న కట్టు, దాన్ని పట్టుకోవడానికి గుర్రానికి అలవాటైన మనిషి, తలకు తగిలించుకునే టార్చి, ఒక బకెట్ నీళ్లు, తడిగుడ్డ, చేతికి రబ్బరు గ్లౌజులు, ఫోను కెమెరా. ఎండలో నోట్లోకి వెలుతురు నేరుగా పడి పళ్ల మీద మెరుపు కొడుతుంది, రంగులు తెలియవు. నీడకు తీసుకెళ్లి టార్చితో చూడండి.

గుర్రం చొంగ కారుస్తూ తిక్కతిక్కగా ఉంటే, మింగడానికి ఇబ్బంది పడుతుంటే నోట్లో చెయ్యి పెట్టకండి. రేబిస్ గుర్రాలకూ వస్తుంది. ముక్కులోంచి చిక్కటి చీమిడి కారడం, చర్మం మీద పుండ్లు వరసగా ఉండటం కనిపిస్తే గ్లాండర్స్ కావచ్చు. అది మనుషులకూ సోకే జబ్బు, ప్రభుత్వ పశువైద్యుడికి తెలియజేయాల్సిన జబ్బు. అలాంటి గుర్రం వయసుతో మీకు పని లేదు, పక్కకు వచ్చేయండి.

2. పట్టుకోవడం

గుర్రానికి ఎదురుగా నిలబడకూడదు. ముందుకాళ్లు ఎత్తినా, తల విసిరినా దెబ్బ మీకే. ఎడమ భుజం పక్కన నిలబడండి, తాడు పట్టుకున్న మనిషి కూడా అదే పక్కన ఉండాలి. ఒక చేతిని ముక్కు ఎముక మీద ఆన్చండి. ముక్కుపుటాలను నొక్కితే ఊపిరాడక గింజుకుంటుంది, కాబట్టి చెయ్యి కాస్త పైనే ఉండాలి.

మొదట నోరు తెరవకుండా పెదవులు మాత్రమే విడదీసి పక్కనుంచి చూడండి. పైపళ్లూ కిందిపళ్లూ కలిసే కోణం, పై చివరి పన్ను ఆకారం, దాని మీది గాడి, కోరలు అప్పుడే కనిపిస్తాయి. సగం సమాచారం ఇక్కడే దొరుకుతుంది. కొత్తవాళ్లు దీన్ని వదిలేసి నేరుగా నోరు తెరిచే పనిలో పడతారు, గుర్రం బెదిరి ఇక దేన్నీ చూడనివ్వదు.

తరువాత పెదవి మూలనుంచి బొటనవేలిని పళ్లు లేని ఖాళీ చిగురులోకి జొనిపి అంగిలి మీద మెల్లగా నొక్కండి, నోరు తెరుస్తుంది. నాలుకను పక్కకు తప్పించడం వరకే, బలంగా బయటికి లాగకండి. లాగిపట్టిన నాలుకతో గుర్రం తల విసిరిందంటే నాలుక అడుగున చీరుకుపోతుంది. వేళ్లు ఖాళీ చిగురు దాటి ముందుకైనా వెనక్కైనా పోకూడదు. ఒక్కోసారి పది సెకన్లు చూసి వదిలేయండి, మళ్లీ తెరవండి. పళ్ల మీద మేత అంటుకుని ఉంటే తడిగుడ్డతో తుడవండి, లేకపోతే పాచి పట్టిన చోటును గుంట అనుకుంటారు.

ఫొటోలు ఐదు తీయండి: మూసిన పళ్లు ఎదురుగా (ఇది సాయం ఉన్న మనిషి పెదవులు విడదీస్తే పక్కనుంచి చెయ్యి చాపి తీయాలి), రెండు పక్కలనుంచి, కింది పళ్ల నమిలే ముఖం, పై పళ్ల నమిలే ముఖం. సంత గోలలో కనిపించనివి సాయంత్రం ఫొటో పెద్దది చేసి చూస్తే కనిపిస్తాయి.

3. పాలపళ్లా, పక్కా పళ్లా?

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. పాలపన్ను చిన్నది, పాలలా తెల్లగా, నున్నగా ఉంటుంది, చిగురు దగ్గర మెడలా సన్నబడుతుంది. పక్కా పన్ను, అంటే పాలపన్ను ఊడాక వచ్చే శాశ్వత పన్ను, పెద్దది, కొంచెం పసుపు పచ్చన, పైనుంచి కిందికి నిలువు గీతలతో, చిగురులోంచి అదే వెడల్పుతో వస్తుంది. పక్కపక్కన రెండూ ఉంటే చిన్నపిల్లవాడికైనా తేడా తెలుస్తుంది. చిక్కల్లా అన్నీ ఒకే రకం ఉన్నప్పుడే.

రెండేళ్ల పిల్ల నోట్లో పన్నెండు పాలపళ్లూ నిండుగా, ఒకదానికొకటి ఆని, అరిగి ఉంటాయి. తెలియనివాడికి అది 5 ఏళ్ల "నిండు నోరు"లా కనిపిస్తుంది. ఈ మోసం సంతలో మామూలే. రెండేళ్లదాన్ని ఐదేళ్లదని నమ్మి మరుసటి వారమే జీను వేసి పెద్దమనిషిని ఎక్కిస్తే లేత కాళ్లు, నడుము దెబ్బతింటాయి. మగదైతే కోరలు చూడండి. 5 ఏళ్ల మగ గుర్రానికి అవి బయటికి వచ్చి ఉంటాయి, 2 ఏళ్లదానికి ఉండవు. ఆడ గుర్రాలకు కోరలు చాలావరకు రావు, వచ్చినా చిన్న మొలకలే, కాబట్టి ఆడదాని విషయంలో పన్ను మెడ, రంగు మీదే ఆధారపడాలి.

పిల్లల లెక్క గుర్తుంచుకోవడం తేలిక. పాల నడిమి జత పుట్టిన 8 రోజుల లోపు, పక్క జత 8 వారాలకు, చివరి జత 8 నెలలకు అటూ ఇటూగా వస్తాయి. వాటి గుంటలు కూడా అరిగిపోతాయి: నడిమివి ఏడాదికి, పక్కవి ఏడాదిన్నరకు, చివరివి రెండేళ్లకు.

4. రెండున్నర నుంచి ఐదు దాకా

ఇది నమ్మదగిన భాగం. పక్కా పళ్లు చిగురు చీల్చుకుని వచ్చేది నడిమి జత రెండున్నరేళ్లకు, పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు. ఒక్కో జత పెరిగి ఎదుటి దవడ పళ్లను తాకి అరగడం మొదలవడానికి మరో ఆరు నెలలు పడుతుంది. అందువల్ల నడిమి జతలు ఒకదానికొకటి ఆనితే 3, పక్క జతలు ఆనితే 4, చివరి జతలు ఆనితే 5. సంస్కృత అశ్వలక్షణ శ్లోకాల్లో కూడా మూడు, నాలుగు, ఐదు ఏళ్లకే ఈ మూడు జతలూ పడి మొలుస్తాయని చెప్పారు. ఇంత కాలమైనా ఆ లెక్క మారలేదు.

మగదాని కోరలు 4, 5 ఏళ్ల మధ్య వస్తాయి. కొత్త కోర మొన సూదిగా, లోపలి వైపు గాడులతో ఉంటుంది. వయసు మీద పడ్డదాని కోర మొన మొద్దుబారి, పాచి పట్టి ఉంటుంది. దవడపళ్ల ముందు చిన్న పలుకులాంటి పన్ను ఒకటి కనిపిస్తే దాన్ని కోర అనుకోకండి. అది తోడేలు పన్ను, ఏడాది లోపే వస్తుంది, వయసు లెక్కకు రాదు.

4కూ 5కూ తేడా తేల్చడానికి కింది చివరి పన్నునే చూడాలి. 4 ఏళ్లదానికి అక్కడ ఇంకా పాలపన్నే ఉంటుంది. నాలుగున్నరకు చిగురులోంచి కొత్త అంచు తెల్లగా తొంగి చూస్తుంది. 5 నిండేసరికి ఆ పన్ను ముందు వైపు అంచు మాత్రమే పైదాన్ని తాకుతుంది, వెనుక అంచు ఇంకా అరగదు, పన్ను గుల్లలా కనిపిస్తుంది. 6కి రెండు అంచులూ అరిగి చదునుగా కలుస్తాయి. ఈ వెనుక అంచును టార్చి వేసి చూడటం నేర్చుకుంటే 5, 6 మధ్య తికమక పోతుంది.

బాగా మేసిన పిల్లకు మూడు నాలుగు నెలలు ముందు, బక్కచిక్కినదానికి ఆలస్యంగా పళ్లు రావడం ఉంది. రేసు గుర్రాల లెక్క వేరు. మన దేశంలో జనవరి 1 వస్తే వాటన్నిటికీ ఒక ఏడాది పెరిగినట్టే, అందుకని కాగితం వయసు నోటి వయసు కంటే కొన్ని నెలలు ముందుంటే కంగారు పడకండి.

5. ఆరు దాటాక: కింది పళ్ల నమిలే ముఖం

పాత లెక్క ప్రకారం కింది పళ్ల గుంటలు నడిమి జతలో 6కి, పక్క జతలో 7కి, చివరి జతలో 8కి పోతాయి. పై పళ్ల గుంటలు 9, 10, 11 ఏళ్లకు పోతాయి. అన్ని సంతల్లోనూ గుర్రాల వ్యాపారులు వాడే లెక్క ఇదే. చిక్కేమిటంటే గుంట లోతు గుర్రం గుర్రానికీ మారుతుంది. లోతు గుంటతో పుట్టిన పన్ను 10 ఏళ్లకూ గుంటను వదలదు. పై పళ్ల గుంటల మీద అసలు ఎక్కువ భారం వేయకండి.

గుంట కంటే నక్షత్రం మేలు. గుంటకు పెదవి వైపున, పన్ను ముందు అంచుకు దగ్గరగా, అడ్డగీతలా మొదట కనిపిస్తుంది. పాఠాలు నడిమి జతలో 8, పక్క జతలో 9, చివరి జతలో 10 అంటాయి, కానీ అంతకు ముందే కనిపించే గుర్రాలు బోలెడు. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 1990లలో వయసు కచ్చితంగా తెలిసిన గుర్రాల పళ్లు చూస్తే బండి పందేల్లో పరిగెత్తే ట్రాటర్ జాతిలో నడిమి జత నక్షత్రం 5 ఏళ్లకే బయటపడింది. అరబ్ గుర్రాల పళ్లు అంత తొందరగా అరగవని కూడా వాళ్లే తేల్చారు. అందుకే నక్షత్రం వచ్చిందా లేదా అన్నది కాక, అది ఎలా ఉంది అన్నది చూడండి. సన్నటి గీతలా ముందు అంచు దగ్గరే ఉంటే వయసు తక్కువ. గుండ్రంగా చుక్కలా మారి పన్ను మధ్యకు జరిగితే 12, 13 దాటింది.

గుంట ఆనవాలుకూ నక్షత్రానికీ తేడా గోటితో తెలుస్తుంది. గుంట చుట్టూ ఎనామిల్ వలయం పన్ను ముఖం కంటే రవ్వంత పైకి లేచి ఉంటుంది, గోరు అడ్డం లాగితే తట్టుకుంటుంది. నక్షత్రం మీద గోరు జారిపోతుంది. గుంట పోయాక మిగిలిన ఆ చిన్న తెల్ల వలయం ఏటేటా చిన్నదవుతూ నాలుక వైపు అంచుకు చేరి, నడిమి జతలో సుమారు 12, 13కు, చివరి జతలో 15 ప్రాంతానికి పోతుంది.

పన్ను ముఖం ఆకారం నిదానంగా మారుతుంది, అందుకే దాన్ని ఎవడూ మార్చలేడు. 6, 7 ఏళ్ల దాకా అడ్డంగా కోడిగుడ్డు ఆకారం. 9 నుంచి 11 మధ్య నడిమి జతతో మొదలై గుండ్రం అవుతుంది. 15, 16 దాటేసరికి త్రికోణం. 20 ప్రాంతానికి అడ్డంకంటే నిలువు ఎక్కువై, ముందునుంచి వెనక్కి సాగిన ముఖం. నడిమి జత ముందు, చివరి జత వెనుక మారతాయి. మూడు జతలూ ఒకేసారి ఆకారం మారుతున్నట్టు కనిపిస్తే మరోసారి చూడండి.

6. పక్కనుంచి: కోణం, కొక్కెం, గాడి

కుర్ర గుర్రం పై, కింది పళ్లు పక్కనుంచి చూస్తే దాదాపు ఒకే నిలువు గీతలో ఉంటాయి. వయసుతో అవి ముందుకు వాలి, 20 దాటేసరికి లంబకోణానికి దగ్గరవుతాయి. పై చివరి పన్ను కూడా కొలబద్దే. కుర్రదానికి ఎత్తుకంటే వెడల్పు ఎక్కువ, 9, 10 ఏళ్లకు ఎత్తూ వెడల్పూ సమానం, ఆపైన ఎత్తే ఎక్కువ. ఈ ఒక్కటి చూస్తే చాలు, 15 ఏళ్లదాన్ని 7 ఏళ్లదని చెప్పేవాడి నోరు మూతపడుతుంది.

పై చివరి పన్ను వెనుక అంచు కిందికి కొక్కెంలా వేలాడితే "ఏడేళ్ల కొక్కెం" అంటారు. 7కి వచ్చి 9కి పోయి, 11కి మళ్లీ వస్తుందని పాత మాట. 5 ఏళ్లదానికీ, 13 ఏళ్లదానికీ కూడా కొక్కెం ఉంటుంది. మేం దీన్ని లెక్కలోకి తీసుకోం.

గాడి సంగతి వేరు. పై చివరి పన్ను బయటి ముఖం మీద నిలువుగా నల్లటి గాడి చిగురులోంచి దిగుతుంది. 19వ శతాబ్దం చివర బ్రిటన్‌లో దీన్ని ప్రచారం చేసిన సిడ్నీ గాల్వేన్ పేరు మీద గాల్వేన్ గాడి అంటారు. ఆయన లెక్క: చిగురు దగ్గర 10కి మొదలు, 15కి పన్ను సగం దాకా, 20కి పూర్తిగా కిందికి, 25కి పై సగం మాయం, 30కి పూర్తిగా మాయం. వినడానికి ఎంత అందంగా ఉందో, నోట్లో అంత అందంగా ఉండదు. కొన్ని గుర్రాలకు గాడే రాదు. కొన్నిటికి ఎడమ పక్క సగం, కుడి పక్క పావు. రెండు పక్కలా చూసి, మిగతా గుర్తులతో సరిపోతేనే లెక్కలోకి తీసుకోండి.

7. బోల్తా కొట్టించేవి

తొట్టి అంచు కొరికి గాలి మింగే అలవాటున్న గుర్రానికి పై ముందుపళ్ల ముందు అంచు ఏటవాలుగా అరిగిపోతుంది, అసలు వయసు కంటే ముసలిగా కనిపిస్తుంది. పై దవడ ముందుకు పొడుచుకొచ్చి చిలుక ముక్కులా ఉంటే పైపళ్లూ కిందిపళ్లూ ఆనవు, అరగవు, గుంటలు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. అలాంటి నోట్లో గుంటల లెక్క మొత్తం వదిలేసి పన్ను ముఖం ఆకారం, కోణం మాత్రమే చూడండి. ఇసుక నేలల్లో మేసినదాని పళ్లు త్వరగా, దొడ్లో కట్టేసి మెత్తటి దాణా పెట్టినదాని పళ్లు నిదానంగా అరుగుతాయి. పళ్ల వైద్యుడు ఆకురాయి పెట్టి ముందుపళ్లు సరిచేసి ఉంటే అమ్మేవాణ్ని అడగండి, అరుగుదల గుర్తులు చెదిరిపోయి ఉంటాయి. గాడిదలు, కంచరగాడిదల గుంటలు గుర్రాలకంటే చాలా ఆలస్యంగా పోతాయి, ఈ లెక్కలు వాటికి వేయకండి.

కంటి పైన గుంత పడటం, కణతల మీద నెరిసిన వెంట్రుకలు, వంగిన నడుము ముసలితనానికి తోడు గుర్తులే తప్ప సంవత్సరాలు చెప్పవు. బక్కచిక్కిన నాలుగేళ్లదానికీ కంటి పైన గుంత ఉంటుంది.

8. చేతివాటం పట్టుకోవడం

ముసలి గుర్రాన్ని కుర్రదని అమ్మడానికి కింది పళ్ల ముఖం మీద కాల్చిన ఇనుప మొనతోనో, డ్రిల్లుతోనో గుంట తొలిచి నల్లబరుస్తారు. ఇంగ్లండులో పాతకాలం నుంచి దీనికి బిషపింగ్ అని పేరు. పట్టుకోవడం కష్టం కాదు. నిజమైన గుంట చుట్టూ తెల్లటి ఎనామిల్ వలయం ఉండి తీరుతుంది, తొలిచినదానికి ఉండదు. తొలిచిన గుంట నక్షత్రం ఉండాల్సిన చోట ఉంటుంది, లేదా పన్ను త్రికోణంగా మారాక కూడా గుంట లోతుగా ఉంటుంది. ఆ రెండూ కలిసి ఉండటం దాదాపు అసాధ్యం. ఎక్కువగా కింది పళ్లకే ఇలా చేస్తారు కాబట్టి, కింద ఆరేళ్ల గుంటలు కనిపించి, పక్కనుంచి చూస్తే పళ్లు ముందుకు వాలి ఉంటే బేరం ఆపేయండి.

దీనికి తిరగేసిన మోసం ఇంకోటుంది. మూడేళ్లదాన్ని నాలుగైదేళ్లదని చూపించడానికి పాల చివరి పళ్లు పీకేస్తారు. చిగురు ఎర్రగా వాచి ఉంటుంది, పై, కింది దవడల్లో ఒకే జత వేర్వేరు దశల్లో కనిపిస్తుంది, మగదైతే కోరల జాడ ఉండదు. నడిమి జత అప్పుడే ఆనుతూ, పక్క జత పాలపళ్లే ఉండి, చివరి జత మాత్రం "పడిపోయింది" అంటే పళ్లు వరస తప్పినట్టు. సహజంగా అలా జరగదు.

9. లెక్క కట్టడం

గుర్తులకు ఈ వరసలో విలువ ఇవ్వండి: మొలిచిన పళ్లు, ఆ తరువాత పన్ను ముఖం ఆకారం, నక్షత్రం ఉన్న చోటు, ఆపైన గుంటలు, చివరగా గాడి. ఒక్కో గుర్తు ఇచ్చే పరిధిని రాసుకుని, ఎక్కువ గుర్తులు కలిసే చోట ఆగండి.

అమ్మేవాడు 7 అంటున్న ఆడ గుర్రం అనుకుందాం. కింద గుంటలు లేవు: 8 పైన. నడిమి, పక్క జతలు గుండ్రం, చివరి జత ఇంకా కోడిగుడ్డు ఆకారం: 10, 11 ప్రాంతం. నడిమి జతలో నక్షత్రం మధ్యకు రాలేదు కానీ పొట్టిగా, లావుగా ఉంది: 12 లోపు. తెల్ల వలయం చిన్నదైనా ఉంది: 13 లోపు. పై చివరి పన్ను ఎత్తు వెడల్పుకంటే కొంచెం ఎక్కువ, ఎడమ పక్క గాడి చిగురు దగ్గర 3 మిల్లీమీటర్లు, కుడి పక్క లేదు. రాయాల్సింది "10 నుంచి 12". ఇప్పుడు ధర గురించి మాట్లాడండి. 7 అన్నవాడితో "కాదు, 11" అని వాదించడం కంటే కింద గుంటలు ఎక్కడున్నాయో చూపించమని అడగడం మంచిది.

ఇంకోటి: పళ్లన్నీ నిండుగా ఉన్నాయి, "ఐదేళ్లు, స్వారీకి రెడీ" అంటున్నారు. మగది, కోరలు లేవు. పళ్లు చిన్నవి, తెల్లవి, చిగురు దగ్గర సన్నబడ్డాయి. కింది చివరి జత గుంటలు దాదాపు పోయాయి. ఇది రెండేళ్ల పిల్ల. నచ్చితే పిల్ల ధరకే కొనండి, వీపు మీద బరువు పెట్టడానికి ఇంకా ఆగాలి.

కొనేటప్పుడు రశీదు మీద వయసును ఒకే అంకెగా కాక పరిధిగా రాయించండి. తీసిన ఫొటోల మీద తేదీ ఉంచి, గుర్రం నుదుటి చుక్క, కాళ్ల తెలుపు, సుడుల వివరాలతో కలిపి దాచండి. చిప్పు ఉందంటే రీడరుతో చదివించి పాస్‌పోర్టులోని నంబరుతో పోల్చండి. కాగితంలో 6 ఉండి నోట్లో 14 కనిపిస్తే, ఆ కాగితం ఆ గుర్రానిది కాకపోవచ్చు. ఏడాది తరువాత మళ్లీ అవే కోణాల్లో ఫొటోలు తీసి పక్కన పెట్టుకోండి. మీ గుర్రం పళ్లు ఏటా ఎంత అరుగుతున్నాయో అప్పుడు తెలుస్తుంది, వేసిన పరిధిని ఇంకాస్త కుదించొచ్చు.